త్యాగమంటే ఒప్పుకోని మనిషి

డ్రాయింగమ్మ కిందటి నెలలో చనిపోయింది. బడి వాళ్ళు ఆవిడ పేరు మీద ఒక సంచిక వేస్తున్నారట. ఇప్పటి హెడ్మిస్ట్రెస్సు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇంటికి వచ్చి కూర్చుని, "మీరిద్దరూ అంత కాలం కలిసి పనిచేసిన్రు గదా టీచర్, ఆమె త్యాగం మీద, కర్తవ్యదీక్ష మీద రెండు పేజీలు రాసియ్యండి" అంది. రాయనన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. టీ తాగించి పంపించి, తర్వాత కూర్చుని ఇది రాశాను. వేసుకుంటారో మానుకుంటారో వాళ్ళ ఇష్టం. డెబ్బై దాటాక మొహమాటాలు నాకు పడవు. అంతకు ముందు పడింది కూడా పెద్దగా లేదు.

ఆమె అసలు పేరు బళ్ళో సగం మందికి తెలియదు. చిన్నా పెద్దా అందరికీ డ్రాయింగమ్మే. నేను మాత్రం అక్కా అనేదాన్ని. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. సికింద్రాబాదులో ఎన్నేళ్ళున్నా మాటలో ఆ యాస పోలేదు. తెల్ల నూలు చీర, సన్న అంచు, పొడుగు మనిషి. రంగు కుదిరిందో లేదో ఎడమ మణికట్టు మీద పూసి చూసుకోవడం ఆమెకు అలవాటు. అందుకని ఆదివారం గుడిలో ప్రభురాత్రి భోజనపు రొట్టెకు చెయ్యి చాపినప్పుడు పాస్టరు గారికి ఆ మణికట్టు మీద నీలం కనపడేది. ఆ నీలం రాముడి ఒంటిదని ఆయనకు బాగానే తెలుసు.

ఎందుకంటే ఆమె ఇంటి దగ్గర వేసేవన్నీ పురాణాల బొమ్మలే. ఒకసారి సంఘపెద్దలు పిలిపించి, మన బిడ్డవై ఉండి అన్యదేవతల బొమ్మలు వేయడమేమిటని అడిగారట. "దేవుళ్ళను వెయ్యడం లేదయ్యగారూ, ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళను వేస్తున్నాను" అని చెప్పి వచ్చింది. అది తప్పించుకునే మాట కాదు. నిజంగా ఆమె జీవితమంతా వేసింది ఆ ఒక్క సంగతే. ధర్మం కోసం ఒకరు వెళ్తుంటారు, ప్రేమించినవాళ్ళు ఒకరు వెనక మిగులుతారు. అడవికి బయలుదేరిన రాముడు, కాటికి కాపలా వెళ్తున్న హరిశ్చంద్రుడు, ప్రతిజ్ఞ పట్టిన భీష్ముడు.

అక్కడే మా ఇద్దరికీ పోట్లాట. నేను తెలుగు పంతులమ్మను. ధర్మసంకటం మీద క్లాసులో గంట కొడితే కూడా ఆగకుండా చెప్పేదాన్ని. ఆమె కుంచె పళ్ళ మధ్య పెట్టుకుని అంతా వినేది. విని, కుంచె తీసి, "నీ భీష్ముడి మొహం ఎప్పుడైనా సరిగ్గా ఊహించుకున్నావా అమ్మాయ్? పై నుంచి పూలు పడుతున్నాయి, లోకమంతా ఆహా అంటోంది. ఏ మగాడికి చేదు అది? మనసు పడే చేశాడు. ఏడుపంతా తర్వాత ఆడపిల్లలకొచ్చింది" అనేది.

"ఏందక్కా, ధర్మం అనేదే లేదంటవా?" అని నేను ఎగిరేదాన్ని.

"ఉందేమో. నేను చూళ్ళేదు. కర్తవ్యం కోసం వెళ్తున్నామని చెప్పేవాళ్ళంతా మనసు లాగిన చోటికే వెళ్తారు. వెళ్ళమను, తప్పనను. పేరు మార్చవద్దంటాను, అంతే."

బొమ్మ మొదలుపెట్టడం కూడా ఆమె తీరే వేరు. అందరూ మొహంతో మొదలుపెడితే ఆమె పాదాలతో మొదలుపెట్టేది. వెళ్ళేవాడు మడమ ఎలా ఎత్తుతున్నాడో చూస్తే వాడి మనసు తెలిసిపోతుందట. అందుకోసం మా బడి వాచ్‌మన్‌ను సాయంత్రాలు వరండాలో నడిపించేది. "నడువు, నడువు, ఆగు. కాలెత్తే ఆగు" అని అరిచేది. ఆయన కొంగలా నిలబడి, "ఇగ దించాల్నా అమ్మా?" అని బతిమాలేవాడు. మా ఊళ్ళో రాముడి వీపులన్నీ ఆ వాచ్‌మన్‌వే.

వీపులు అన్నాను కదా. వెళ్ళేవాళ్ళ మొహం ఆమె వేయదు. మొహం చూపిస్తే అందరూ వాళ్ళ మీదే జాలిపడతారని ఆమె వాదన. ఇది తెలియక మా నాన్న ఆమెకు ఒక పటం పురమాయించాడు. మోండా మార్కెట్టు దగ్గర మాకు ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. కొత్త ఇంటి పూజగదికి సీతారామలక్ష్మణులు వనవాసానికి బయలుదేరే పటం కావాలన్నాడు. రెండు నెలలు కష్టపడి వేసి తెచ్చింది. పటంలో ముగ్గురూ దూరంగా, చిన్నగా, మన వైపు వీపు పెట్టి వెళ్ళిపోతున్నారు. ముందు పెద్దగా లక్ష్మణుడి భార్య ఊర్మిళ, గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. మొహం నాదే. నాకు తెలియకుండా వేసేసింది.

మా నాన్న పటం చుట్టూ తిరిగి చూశాడు. "ఏందమ్మా గిది? రాముడు నా దిక్కు వీపు జేసిండు. అగర్బత్తి ఎవరికి జూపియ్యాలె, మా బిడ్డకా?"

డ్రాయింగమ్మ తెల్లబోయింది. "దీనికి దండం పెట్టుకుంటారా అండీ?"

"మరి దేనికనుకున్నవమ్మా, గోడకు సున్నం ఊడింది కనబడకుండనా?"

"చూసుకుంటారనుకున్నాను. మా ఇళ్ళల్లో గోడ మీద బొమ్మ ఉంటే చూసుకోడానికేనండీ."

పుట్టి బుద్ధెరిగాక దేవుడి పటం ముందు దీపం పెట్టని మనిషి. ఆ పొరపాటు ఆమె మాత్రమే చేయగలదు. మా నాన్నకు కోపం రాలేదు, నవ్వాగలేదు. "ఇల్లిడిసి పోయే దేవున్ని ఇంట్ల పెట్టుకుంటే లచ్చిమి సుత ఆయన ఎంబడే పోతది. జెర ఇటు దిప్పరాదమ్మా" అన్నాడు. ఆమె ఆలోచించి, "తిప్పితే ఇంక వెళ్ళడం లేదన్నట్టే కదండీ" అని పటం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అది మా బడి హాస్టల్ భోజనాల గదికి చేరింది. నా మొహం చూస్తూ ఆడపిల్లలు ఎన్నో ఏళ్ళు అన్నం తిన్నారు.

ఇక ఆ ఏడాది సంగతి. పోలీసు చర్య జరిగిన ఏడాది. ఇప్పటి పిల్లలకు చెప్తే కథ అనుకుంటారు. నైజాం రాజ్యం యూనియన్లో కలవనంది. రజాకార్లు వీధుల్లో కవాతు చేస్తున్నారు. అవతలి నుంచి సరుకు రావడం ఆగిపోయి ఉప్పుకూ కిరసనాయిలుకూ కటకటగా ఉంది. కాస్త ఉన్నవాళ్ళంతా బెజవాడ బండెక్కి వెళ్ళిపోతున్నారు. ఎండాకాలం సెలవులు ఇచ్చినా హాస్టల్లో కొందరు ఆడపిల్లలు మిగిలిపోయారు. జనగాం వైపు, నల్లగొండ వైపు పల్లెల పిల్లలు. ఊళ్ళో బాగాలేదు, రావద్దని ఇళ్ళ నుంచి కబురు వచ్చింది. వాళ్ళలో అందరికన్నా చిన్నది సుగుణ. క్రైస్తవుల బిడ్డే, తల్లి లేని పిల్ల. ఎవరైనా గట్టిగా మాట్లాడితే వచ్చి డ్రాయింగమ్మ కొంగు పట్టుకుని నిలబడేది.

సరిగ్గా అప్పుడే డ్రాయింగమ్మకు పెళ్ళి కుదిరింది. ముప్ఫైకి దగ్గరపడింది వయసు. అతను బెజవాడలో హైస్కూలు మాస్టరు, దూరపు చుట్టం. ఆమె అతన్ని ఇష్టపడే ఒప్పుకుంది. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను. అతని మాట వస్తే ఆమె కుంచె కడగడం మరిచిపోయేది. వాళ్ళ పద్ధతిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. ఇక్కడా అక్కడా మూడూ చదివేశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఆమె బండెక్కి వెళ్ళడమే తరువాయి.

పిల్లల మాట ఏమిటంటారేమో. ఆ ఏర్పాటు కూడా అయింది. హెడ్మిస్ట్రెస్సు స్వయంగా, "మీరు నిశ్చింతగా వెళ్ళండి, మేం చూసుకుంటాం" అంది. నేను మెట్టుగూడలో మా ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటానని మాట ఇచ్చాను. "నేనుంట గదా అక్కా, నువ్వు పో" అన్నాను. నా పరుపుచుట్ట కూడా తెచ్చి పడేశాను. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆపవలసిన అవసరమూ ఎవరికీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

జట్కాలో ట్రంకుపెట్టె వేసుకుని ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద జనం. కిటికీల్లోంచి పిల్లల్ని లోపలికి అందిస్తున్నారు. ఆమె పెట్టె మీద కూర్చుంది. బండి వచ్చింది. నేను కూలీని కేకేశాను. ఆమె లేచింది, రెండడుగులు వేసింది, ఆగింది.

"సుగుణకు జడ వెయ్యడం నీకు వచ్చా?" అంది.

"జడదేముందక్కా, ఎక్కు ముందు."

"అది తలలో దువ్వెన పెడితే ఏడుస్తుంది. ముందు చివర్లు దువ్వాలి." అని, మళ్ళీ వచ్చి పెట్టె మీద కూర్చుంది. "నేను వెళ్ళను."

నేను తిట్టాను. బతిమాలాను. పిచ్చిపట్టిందా అన్నాను. బండి కూత వేసింది, కదిలింది, వెళ్ళిపోయింది. బయటికి వస్తే అదే జట్కా సాయెబు ఇంకా నిలబడి ఉన్నాడు. "బండి తప్పిందా అమ్మా?" అన్నాడు. "తప్పలేదు భాయ్, వదిలేశాను" అంది ఆమె. ఆమె మొహంలో ఏడుపు ఉంటుందని పక్కకు తిరిగి చూశాను. లేదు. సెలవు ఇచ్చిన రోజు పిల్లల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ తర్వాతి మూడు నెలలు బయట లోకం ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. లోపల ఆమె మాత్రం పండగ చేసుకుంది. కాగితం దొరక్కపోతే పిల్లల చేత బొగ్గుతో హాస్టల్ తలుపుల మీద బొమ్మలు వేయించింది. ఉప్పు లేని పప్పు వండి, "అడవిలో రాముడు ఇదే తిన్నాడర్రా" అని పెట్టింది. గోధుమలు విసురుతూ పాడేది. అందరం బిక్కుబిక్కుమంటుంటే ఈమె ఒక్కతే అలా ఉండటం చూసి నాకు నిజంగా కోపం వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే అసూయ అనిపిస్తుంది.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. కొద్ది రోజుల్లో అంతా అయిపోయింది. కొన్ని ఇళ్ళ మీద జెండాలు ఎగిరాయి, ముస్లింల ఇళ్ళు కొన్ని భయంతో తలుపులు వేసుకున్నాయి. జట్కా సాయెబు బయటికి రావడం మానేస్తే, ఆమె వెళ్ళి తలుపు తట్టి, చర్చికి నడిచి వెళ్ళలేనని అబద్ధమాడి అతని చేత బండి కట్టించింది. రైళ్ళు మళ్ళీ నడవగానే బెజవాడ నుంచి ఆ మాస్టరు వచ్చాడు.

మంచివాడు. మంచివాడు కాకపోతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. గొడుగు, తెల్ల చొక్కా, చేతిలో పిల్లలందరికీ మామిడి తాండ్ర. వరండాలో నన్ను కూడా కూర్చోమంది ఆమె. అతను టీ తాగుతూ నెమ్మదిగా చెప్పాడు. "మావాళ్ళు నాలుగు మాటలన్నారు. కానీ నేనొకటే చెప్పాను. కర్తవ్యం పిలిచినప్పుడు పెళ్ళి ఒక లెక్కా అని. మా సంఘమంతా నిన్ను మెచ్చుకుంటోంది. క్రిస్‌మస్ వెళ్ళాక పెట్టుకుందాం."

నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, సంతోషంతో. ఇంతకంటే ఏం కావాలి? ఆమె తల ఊపితే చాలు.

ఆమె కప్పు కింద పెట్టింది. "కర్తవ్యం కాదండీ. నేను లేకపోయినా పిల్లలకు జరిగేది. నాకే రాబుద్ధి కాలేదు."

"అంటే, నేనంటే ఇష్టం లేకనా?"

"మీరంటే ఇష్టమే. ఇప్పటికీ ఇష్టమే. ఆ రోజు బండి ముందు నిలబడితే వీళ్ళంటే ఇంకా ఎక్కువ ఇష్టమని తెలిసింది. అది మీకు చెప్పకుండా పెళ్ళాడితే మోసం."

అతను గొడుగు పిడి తిప్పుతూ కూర్చున్నాడు. కర్తవ్యం కోసమని అంటే పెళ్ళి తప్పినా క్షమించి వచ్చిన మనిషి. ఇష్టం కోసమంటే క్షమించలేకపోయాడు. కోపంగా ఏమీ అనలేదు. "ఆలోచించుకుంటాను" అని లేచాడు. ఆ మరుసటి ఏడాది వాళ్ళ గుడిలో అతని పేరు ఇంకొక అమ్మాయి పేరుతో కలిపి చదివారు.

అతను గేటు దాటగానే నేను విరుచుకుపడ్డాను. "ఒక్క మాటక్కా! అవునండీ, కర్తవ్యమే అంటే నీ సొమ్మేం బోయేది?"

"ఏం పోదు. ఆ తర్వాత రోజూ ఆయన ముందు త్యాగమూర్తిలా తిరగాలి. నావల్ల కాదమ్మా, నాకు ఆకలెక్కువ, కోపమెక్కువ" అంది. అని లోపలికి వెళ్ళి పొద్దుపోయేదాకా తలుపు వేసుకుంది. ఆమెకు బాధ లేదని నేను చెప్పడం లేదు. బాధకు గొప్ప పేరు పెట్టుకోలేదని చెప్తున్నాను.

పేరు మేం పెట్టాం. బడి పెట్టింది. ఏటా వార్షికోత్సవంలో ఎవరో ఒకరు లేచి, పిల్లల కోసం పెళ్ళినే త్యాగం చేసిన మహాతల్లి అని చెప్పడం, అందరూ చప్పట్లు కొట్టడం. మొదట్లో ఆమె "కాదండీ" అనేది. వినయం అనుకుని ఇంకా గట్టిగా కొట్టేవారు. తర్వాత ఆ రోజు తలనొప్పి అని చెప్పి రావడం మానేసింది.

ఆ చప్పట్లన్నీ సుగుణ వింటూ పెరిగింది. తండ్రి కూడా పోయాడు. ట్రైనింగ్ చదివి మా బళ్ళోనే చిన్న పిల్లల టీచరయింది. మెట్టుగూడలో రెండు గదులు తీసుకుని ఇద్దరూ కలిసి ఉండేవారు. ఒకరు వండితే ఒకరు తోమేవారు. పొద్దున పంపు దగ్గర వాళ్ళిద్దరి పోట్లాట మా ఇంటికి వినిపించేది. డ్రాయింగమ్మను ఆ ఏళ్ళలో చూసినవాళ్ళు ఆమెకు ఏదో లోటుందని అనలేరు.

అప్పుడు ఒక రైల్వే కుర్రాడు, వాళ్ళ గుడి వీధిలోవాడు, సుగుణను చేసుకుంటానన్నాడు. ఆ పిల్లకూ మనసుంది. అతను ఎదురొస్తే కొంగు సర్దుకోవడం నేనే చూశాను. ఉద్యోగం మాత్రం పూర్ణాలో, మరాఠీ దేశం. సుగుణ వద్దనేసింది. ఎందుకే అంటే చెప్పదు. ఒక ఆదివారం వాళ్ళు గుడి నుంచి వచ్చాక నేను వాళ్ళింట్లో కూర్చుని గట్టిగా నిలదీస్తే గోంగూర ఒలుస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"అమ్మగారు మా కోసం పెండ్లి సుత ఇడిసిపెట్టిన్రు. గసుంటి మనిషిని ఒక్కదాన్ని జేసి నేను నవ్వుకుంట బండెక్కి పోవాల్నా టీచర్? నేను పోను. నాకు పెండ్లొద్దు."

డ్రాయింగమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. విన్నది. వచ్చి ఆ పిల్ల ఎదురుగా కింద కూర్చుంది.

"ఎవరు చెప్పారే నీకు, మీ కోసమని?"

"అందరు. ఏటేటా జెప్తరు గదా."

"ఇలా చూడు. ఈ మాట ఇంతకు ముందు ఒకరికి చెప్తే లేచి వెళ్ళిపోయారు. నువ్వు లేచి వెళ్ళినా సరే, విను. మీ కోసం నేను ఆగలేదు. నాకు ఆగాలనిపించి ఆగాను. మిమ్మల్ని చూసుకోడానికి ఈ తెలుగు పంతులమ్మ పరుపుచుట్టతో సహా వచ్చి కూర్చుంది, అడుగు. అయినా ఇంకొకరి చేతికి మిమ్మల్ని ఇవ్వబుద్ధి కాలేదు. అది నా స్వార్థం. ఊరంతా ఏడుస్తుంటే నేను మీ మధ్య సుఖపడ్డాను, దేవుడు క్షమించాలి. నా సుఖానికి నువ్వు రుణం తీరుస్తానంటావేమిటి?"

సుగుణ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "గట్లయితే మా మీద జాలిపడి గాదా?"

"జాలా! మీ మీదా! ఇంట్లో గింజ మిగల్చకుండా తినేవాళ్ళు కదే."

ఆ పిల్ల నవ్వింది, వెంటనే ఏడ్చింది. ఇన్నేళ్ళుగా నెత్తిన మోస్తున్నది దిగింది కదా, ఏడవదా మరి. "నా ఇష్టం నేను చూసుకున్నాను. నీ ఇష్టం నువ్వు చూసుకో. మనసులో వాణ్ణి పెట్టుకుని నా కోసం ఇక్కడ ఉండిపోతే నీకూ నాకూ ఇద్దరికీ నరకం" అని డ్రాయింగమ్మ మిగిలిన గోంగూర తన ముందుకు లాక్కుంది. ఆ నెలలోనే ప్రకటనలు చదివారు.

వాళ్ళ పెళ్ళిలో ఒక పద్ధతి ఉంది. ఈ అమ్మాయిని ఎవరు ఇస్తున్నారని పాస్టరు గారు అడుగుతారు. తండ్రి గానీ, అన్న గానీ నేనని చెప్పి, చెయ్యి అందించాలి. సంఘపెద్దల్లో మగవాళ్ళెవరైనా ఆ పని చేస్తారన్నారు. "అమ్మగారు ఇయ్యకుంటే నేను గుడి మెట్టు సుత ఎక్కను" అంది సుగుణ. దాంతో ఆమే చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది. నేను ముందు బెంచీలో కూర్చున్నాను.

"ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చువారు ఎవరు?" అన్నారు పాస్టరు గారు.

ఆమె సుగుణ చెయ్యి పట్టుకునే ఉంది. జనం మెడలు చాపారు. వినపడలేదేమోనని ఆయన మళ్ళీ అడిగారు. సంఘపెద్దలతో, హెడ్మిస్ట్రెస్సులతో తడుముకోకుండా మాట్లాడిన మనిషి, ఆ నోట మాట రావడం లేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే సుగుణ చెయ్యి వదలడం నాకు కనిపించింది.

"నేను ఇస్తున్నాను" అంది.

ఆ చెయ్యి ఆ కుర్రాడి చేతిలో పెట్టి, వచ్చి నా పక్కన కూలబడింది. నేను ఆమె వైపు ఒరిగి, "మంచిగ జేసినవక్కా" అన్నాను.

"చూశావుగా" అంది నా చెవిలో. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇన్నేళ్ళూ అందరూ నా నెత్తిన రుద్దారే, కర్తవ్యం, కర్తవ్యం అని. ఇదమ్మా. ఇదొక్కటే."

పాట ఎత్తుకున్నారు. గుడిలో అందరూ లేచి నిలబడ్డారు. ఆమె లేవలేకపోయింది. నేనూ లేవకుండా ఆమె పక్కనే కూర్చున్నాను.